శత్రువు వ్రాసిన సాక్ష్యం

ఒక జాతి తన దేవతలను గురించి ఒక్క పుటయైనా వ్రాసి ఉంచలేదు. ఆ దేవతల గుళ్లను కూల్చినవారు మాత్రం వ్రాశారు. వెయ్యేళ్ల తరువాత ఆ దేవతలను తెలుసుకోగోరేవాడు ఎవరిని అడగాలి? కూల్చినవాని మాట నమ్మితే, నోరులేని మృతులకు అన్యాయం జరగవచ్చు. నమ్మకపోతే చేతిలో ఏమీ మిగలదు. ఆ ఖాళీని మన ఊహతో నింపితే అది వారికి చేసే సేవ అవుతుందా, మరొక అపచారమవుతుందా?

పైకి ఇది చరిత్ర చదివేవారి చిక్కుగా కనిపిస్తుంది. మూలంలో మాత్రం ఇది ధర్మప్రశ్న. చనిపోయినవారి తరఫున మాట్లాడే అధికారం మనకు ఎంతవరకు ఉంది అన్నదే ఇక్కడి విచారం. కోరింగ రేవునుండి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల సంతతివాడను నేను. తెలుగు అక్షరాలను సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నాను. కనుక ఈ ప్రశ్న నాకు పరాయిది కాదు. అయినా మన సంగతి చివరకు చెప్పుకుందాం. ముందుగా, ఉద్యోగ విరమణ తరువాత నేను నివసిస్తున్న జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి రండి. పైప్రశ్నను విచారించడానికి ఇంతకంటె తగిన ఊరు అరుదు.

ఎల్బె నదికి ఈవల, ఆవల

మాగ్డెబర్గ్ ఎల్బె నది ఒడ్డున ఉంది. క్రీ.శ. 805లో షార్లమేన్ చక్రవర్తి స్లావులతో వర్తకం సాగే సరిహద్దు స్థలాలను పేర్కొంటూ ఒక శాసనం చేశాడు. వారికి ఆయుధాలు అమ్మరాదని అందులోని నిషేధం. ఈ ఊరి పేరు మొదట కనిపించేది అక్కడే. నదికి పడమట జర్మన్ భాషీయులైన సాక్సన్లు, తూర్పున స్లావ్ భాషలు మాట్లాడే తెగలు ఉండేవి. రష్యన్, పోలిష్, చెక్ భాషలకు దగ్గరి చుట్టాలైన భాషలు వారివి. జర్మన్లు వారిని వెండులు అని పిలిచేవారు. లుటిచులు, ఒబోడ్రిట్లు, సోర్బులు మొదలైనవారు ఆ తెగలలో ముఖ్యులు.

937లో ఒట్టో రాజు ఇక్కడ సెయింట్ మౌరిషియస్ పేరిట ఒక మఠం స్థాపించాడు. 968లో మాగ్డెబర్గ్ ప్రధాన ధర్మాధ్యక్షుని పీఠం అయింది. తూర్పు ఒడ్డునున్న స్లావులను క్రైస్తవులుగా మార్చడమే ఆ పీఠానికి అప్పగించిన పని. నేటికీ ఇక్కడి పెద్ద చర్చి ఆ మౌరిషియస్ పేరిటనే ఉంది. 13వ శతాబ్దంలో చెక్కిన ఆయన విగ్రహం అందులో ఉంది. ఇనుప కవచం తొడిగిన నల్లజాతి వీరునిగా శిల్పి ఆయనను మలిచాడు. మా ద్వీపానికి డచ్చివారు 1598లో తమ రాకుమారుడు మౌరిట్స్ పేరు పెట్టారు. ఆ మౌరిట్స్ అన్నది ఈ మౌరిషియస్ పేరే. నేను పుట్టిన నేల పేరు, నేను ముసలితనం గడుపుతున్న ఊరి చర్చి పేరు ఒకటే కావడం విధి విలాసం.

ఈ నగరంలో చదువుకున్నవాడే టీట్మార్. 975లో పుట్టాడు. 1009లో మెర్సెబర్గ్ బిషప్ అయ్యాడు. 1012 నుండి 1018లో మరణించేవరకు లాటిన్ భాషలో ఎనిమిది సంపుటాల చరిత్ర వ్రాశాడు. ఎల్బె తీరపు స్లావుల దేవతలను గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆయన పెట్టిన భిక్షే. ఆయన నిష్పక్షపాతి కాడు. 983లో స్లావులు తిరగబడి హావెల్‌బెర్గ్, బ్రాండెన్‌బుర్గ్ పీఠాలను ధ్వంసం చేసినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్లు. అటువంటి కాలంలో పెరిగిన పిల్లవాడు పెద్దవాడై తన కలం పట్టాడు.

ఆప్తుడు ఎవడు?

ఇక్కడ మన పూర్వుల ఆలోచన ఒకటి మనకు ఆసరా అవుతుంది. మనం ఒక విషయాన్ని కంటితో చూసి తెలుసుకుంటాము. అది ప్రత్యక్షం. గుర్తును బట్టి ఊహించి తెలుసుకుంటాము. అది అనుమానం. ఒకరు చెప్పగా విని తెలుసుకుంటాము. అది శబ్దం. అయితే ఎవరు చెప్పినా అది ప్రమాణం కాదు. ఆప్తుడు చెప్పినదే ప్రమాణమని న్యాయశాస్త్రం నియమం పెట్టింది. ఆప్తుడంటే మన చుట్టమో, మన మతస్థుడో అని అర్థం కాదు. విషయాన్ని తాను నేరుగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక కలవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా సమానమేనని న్యాయభాష్యం వ్రాసిన వాత్స్యాయనుడు స్పష్టంగా చెప్పాడు. పరాయివాడైనంత మాత్రాన అతని సాక్ష్యం చెల్లకపోదు. మనవాడైనంత మాత్రాన చెల్లదు. ఎంత ఉదారమైన మాట అది!

ఈ రెండు ప్రశ్నలను టీట్మార్ ముందు పెడదాం. ఆయన చూశాడా? చూసినట్టే చెప్పదలచాడా?

లుటిచుల రీడెగోస్ట్ అనే కోటను ఆయన వర్ణించాడు. అది మూడు కోణాలు, మూడు ద్వారాలు కలది. చుట్టూ ఎవరూ నరకని అడవి. లోపల కొయ్యతో కట్టిన గుడి. దాని పునాది జంతువుల కొమ్ములు. వెలుపలి గోడల మీద దేవీదేవతల చెక్కడాలు, లోపల శిరస్త్రాణాలు, కవచాలు తొడిగిన విగ్రహాలు. ఒక్కొక్క విగ్రహం మీద దాని పేరు చెక్కి ఉన్నదట. వారిలో ముఖ్యుడు స్వారోజిచ్. యుద్ధానికి వెళ్లేముందు అర్చకులు పందెపు పుల్లలు వేసి శకునం చూస్తారు. తరువాత నేలలో గుచ్చిన ఈటెల మీదుగా ఒక పవిత్రాశ్వాన్ని నడిపించి మరల చూస్తారు. రెండు శకునాలు కలిస్తేనే పని మొదలు.

ఇంత వివరం చెప్పినా, ఆ గుడిలో తాను అడుగుపెట్టానని ఆయన ఎక్కడా అనలేదు. అది విన్న కబురు అనుకోవడమే న్యాయం. అయితే మరొక సంఘటన ఉంది. 1017లో హెన్రీ చక్రవర్తి పోలండు మీదికి దండెత్తినప్పుడు లుటిచులు ఆయన పక్షాన పోరాడారు. అన్యమతస్థులతో ఈ పొత్తు టీట్మార్‌కు ఏమాత్రం నచ్చలేదు. లుటిచుల ధ్వజం మీద వారి దేవత బొమ్మ ఉండేది. జర్మన్ సైనికుడొకడు దానిమీద రాయి విసిరి చింపాడు. అర్చకులు చక్రవర్తి వద్దకు వెళ్లి మొరపెట్టుకున్నారు. చక్రవర్తి వారికి 12 టాలెంట్ల పరిహారం ఇప్పించాడు. ఒక క్రైస్తవ చక్రవర్తి, క్రైస్తవుని చేతిలో అవమానం పొందిన స్లావు దేవతకు పరిహారం చెల్లించాడన్న మాట! టీట్మార్‌కు ఇది తలవంపు కలిగించే వార్త. తనకు చేదైన సంగతిని కల్పించి వ్రాసేవాడు ఉండడు. కనుక ఇక్కడ ఆయన మాటను నమ్మవచ్చు. శత్రువు తన పక్షానికి నష్టం కలిగించే మాట చెప్పినప్పుడు ఆ మాటకు బరువెక్కువ.

కాని ఒక లోటు గమనించండి. ఆ దేవత పేరేమిటో ఆయన వ్రాయలేదు. పరిహారపు లెక్క మిగిలింది. అమ్మవారి పేరు మిగలలేదు.

ఇద్దరు చెప్పిన మాట, ఒక్కడు చెప్పిన మాట

మాగ్డెబర్గ్‌లోనే చదువుకున్న మరొక సాధువు బ్రూనో. ఆయన ఊరు క్వెర్ఫుర్ట్. 1008 ప్రాంతంలో ఆయన హెన్రీ రాజుకు ఘాటుగా ఉత్తరం వ్రాశాడు. క్రైస్తవులైన పోలిష్ ప్రజలమీద యుద్ధానికి స్లావు అన్యమతస్థులతో చేతులు కలపడం తగునా అని నిలదీశాడు. స్వారోజిచ్‌కు, మన సెయింట్ మౌరిషియస్‌కు పొత్తు ఎలా కుదురుతుందని అడిగాడు. టీట్మార్ చరిత్ర మొదలు కాకముందే వ్రాసిన ఉత్తరమిది. వేర్వేరు సందర్భాలలో ఇద్దరు అదే పేరు చెప్పారు. కనుక స్వారోజిచ్ అనే దేవుణ్ణి లుటిచులు నిజంగా కొలిచారని ధైర్యంగా అనవచ్చు.

సుమారు 1075లో బ్రెమెన్ పట్టణపు ఆడమ్ అనే చరిత్రకారుడు అదే గుడిని గురించి వ్రాశాడు. ఆయన ప్రకారం ఊరి పేరు రెత్రా, దేవుని పేరు రెడిగాస్ట్, ద్వారాలు తొమ్మిది. టీట్మార్ ఊరికి చెప్పిన పేరు ఆడమ్ నోట దేవుని పేరయింది! ఊరి పేరునే ఆడమ్ దేవుని పేరుగా పొరబడ్డాడా? లేక ఒకే దేవునికి రెండు పేర్లా? నూరేళ్లుగా పండితులు వాదించుకుంటున్నారు. ఆ ఊరు ఎక్కడుండేదో చూసి తేల్చుకుందామంటే, దాని స్థలమే ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అందుచేత నిజాయితీగల విద్యార్థి ఇలా చెప్పాలి: స్వారోజిచ్‌కు ఇద్దరు సాక్షులు ఉన్నారు, రెడిగాస్ట్ దేవుడు అవునో కాదో సందేహం, ద్వారాలు ఎన్నో తెలియదు. ఇది పేలవమైన జవాబుగా తోచవచ్చు. నిజం ఇంతవరకే ఉన్నప్పుడు జవాబు కూడా ఇంతవరకే ఉండాలి.

ఇక ఒక్కడే చెప్పిన మాట, అదీ స్వార్థంతో చెప్పిన మాట ఎలా ఉంటుందో చూద్దాం. 1108 నాటి ఒక లేఖ ఉంది. దానిని మాగ్డెబర్గ్ పిలుపు అంటారు. ప్రధాన ధర్మాధ్యక్షుడు అడెల్గోట్, చుట్టుపక్కల ధర్మాధ్యక్షుల పేర్లతో, స్లావుల మీద దండెత్తి రమ్మని పడమటి ప్రభువులను అందులో కోరారు. స్లావులు క్రైస్తవుల తలలు నరికి ప్రిపెగాలా అనే దేవునికి అర్పిస్తారని చెప్పారు. ఆ ప్రిపెగాలా ఎవరంటే, రోమన్ల ప్రియాపస్, బైబిలులోని బెల్‌ఫెగోర్ వంటివాడని వివరించారు. అటుపై అసలు సంగతి వచ్చింది. ఆ నేల మాంసానికి, తేనెకు, ధాన్యానికి, పక్షులకు పెట్టింది పేరని, వచ్చినవారికి పుణ్యమూ దక్కుతుంది, మంచి భూమీ దక్కుతుందని ఆశ చూపారు.

ప్రిపెగాలా పేరు మరెక్కడా లేదు. మూడు తలల దేవుడైన ట్రిగ్లావ్ పేరే చెడి ఇలా అయిందని కొందరు పండితుల ఊహ. ఆ లేఖ నిజంగా పంపిన పిలుపా, లేక ఒక రచయిత వ్రాసిన నమూనాయా అన్న వాదమూ ఉంది. న్యాయశాస్త్రపు రెండవ ప్రశ్న ఇక్కడ ఉపయోగపడుతుంది. ఈ లేఖ వ్రాసినవానికి ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక లేదు. పొరుగువాని పొలం మీద కన్ను ఉంది. పొరుగువాని దేవుణ్ణి రాక్షసునిగా చూపితే ఆ పొలం తీసుకోవడం తేలిక. అందువల్ల ఈ లేఖ స్లావుల దేవతలను గురించి చెప్పేది స్వల్పం. వ్రాసినవారి మనసును గురించి చెప్పేది అపారం. చెడ్డ సాక్ష్యాన్ని పారవేయనక్కరలేదు. అది దేనికి సాక్ష్యమో గుర్తించాలి.

1147లో నిజంగానే వెండుల మీద క్రూసేడు జరిగింది. సైన్యంలో ఒక భాగం మాగ్డెబర్గ్‌లోనే సమకూడింది. వారు వెళ్లి షెట్టిన్ నగరాన్ని ముట్టడిస్తే, నగరవాసులు కోటగోడల మీద శిలువలు పెట్టి చూపారట. ఆ ఊరు అప్పటికే క్రైస్తవం స్వీకరించింది!

ఖాళీని నింపే తొందర

శత్రువు చేసే కీడు ఒక రకం. ప్రేమించేవాడు చేసే కీడు మరొక రకం.

18వ శతాబ్దంలో జర్మనీ ఉత్తర భాగాన నోయ్‌బ్రాండెన్‌బుర్గ్ పట్టణంలో స్పాన్‌హోల్ట్స్ అనే కంసాలి ఇంటినుండి చిన్న చిన్న లోహ విగ్రహాలు బయటపడ్డాయి. వాటిమీద పాత రూనిక్ లిపిలో దేవతల పేర్లు ఉన్నాయి. రెత్రా గుడిలోనివే ఇవి అని జనం సంబరపడ్డారు. 1771లో మాష్ అనే మతాచార్యుడు వాటి బొమ్మలతో ఒక గ్రంథమే అచ్చువేయించాడు. వాటిని ప్రిల్విట్స్ విగ్రహాలంటారు. విగ్రహాల మీద పేర్లు చెక్కి ఉంటాయని టీట్మార్ వ్రాశాడు కదా. సరిగ్గా అలాగే దొరికాయి! తరువాతి శతాబ్దంలో అవి నకిలీలని తేలింది. ఎంత కావాలని కోరుకున్నామో అంత చక్కగా దొరికినప్పుడే ఎక్కువ అనుమానించాలని వాటివలన గ్రహించాలి.

మోసం చేసే ఉద్దేశం లేకుండానే ఖాళీలు నిండుతాయి. 12వ శతాబ్దంలో హెల్మోల్డ్ అనే మతాచార్యుడు స్లావులు కీడు చేసే దేవుణ్ణి నల్లదేవుడు అనే అర్థమున్న పేరుతో పిలుస్తారని వ్రాశాడు. నల్లదేవుడుంటే తెల్లదేవుడు కూడా ఉండి తీరాలని తరువాతివారు తలచి అతనికి ఒక పేరు పెట్టారు. హెల్మోల్డ్ వ్రాతలో ఆ పేరు లేదు. మాగ్డెబర్గ్‌కు తూర్పున యూటెర్‌బోగ్ అనే ఊరుంది. యుట్రో అంటే ఉదయం, బోగ్ అంటే దేవుడు కాబట్టి ఇది ఉషస్సు దేవుని ఊరని పూర్వం కొందరు తేల్చారు. వినడానికి సొగసుగా ఉంది. ఊరి పేరు చివర వినబడే శబ్దం తప్ప ఆ దేవునికి వేరే సాక్షి లేడు.

మన వారికి మరొక ప్రలోభం ఉంది. అగ్ని అన్న మన మాట, రష్యన్ భాషలో నిప్పుకు చెప్పే అగోన్ అన్న మాట ఒకే మూలంనుండి వచ్చినవే. అది భాషాశాస్త్రం ఒప్పిన సత్యం. అక్కడితో ఆగక, స్వారోగ్ అంటే మన స్వర్గం, పెరూన్ అంటే మన పర్జన్యుడు, కనుక స్లావులందరూ పూర్వం హిందువులే అని చెప్పేవారు ఉన్నారు. పెరూన్-పర్జన్య సంబంధం మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు; స్వారోగ్-స్వర్గ సంబంధం అంతకంటె సందిగ్ధం. రెండు భాషలకు ఒక పూర్వభాష ఉన్నదనడం వేరు, ఒకరి దేవుడు మరొకరి దేవునికి నకలనడం వేరు. టీట్మార్ కాలపువారు స్లావుల దేవతలను దయ్యాలన్నారు. మనం వారిని మన దేవతలే అంటే గౌరవించినట్టు అనిపిస్తుంది. కాని రెండు పద్ధతులలోనూ ఆ దేవతలకు తమదైన ఉనికి లేకుండా పోతుంది. ప్రేమతో చేసినా ఆక్రమణ ఆక్రమణే.

పోలేరమ్మ నేర్పే పాఠం

మరి శత్రువు సాక్ష్యాన్ని ఎలా చదవాలి? దానిని సరిచూసుకునే వీలున్న చోట ముందు అభ్యాసం చేయాలి. అదృష్టవశాత్తు అటువంటి చోటు మన తెలుగునాటనే ఉంది.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అంతకు ఒక్క ఏడాది ముందు, నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మతప్రచారకుడు ఎల్మోర్ తెలుగు గ్రామదేవతలను గురించి వ్రాసిన గ్రంథం వెలువడింది. పోలేరమ్మ, అంకమ్మ మొదలైన అమ్మవార్ల కథలు అందులో ఉన్నాయి. ఈ ఇద్దరూ మన గ్రామదేవతల ఆరాధన తొలగిపోవాలని కోరినవారే. ఒక విధంగా వారు మన టీట్మార్లు.

కాని స్లావులకు లేని భాగ్యం మనకు ఉంది. పోలేరమ్మ జాతర ఇంకా జరుగుతోంది. వారు వ్రాసినదానిని పట్టుకొని ఊరికి వెళ్లి అడగవచ్చు. అడిగి చూస్తే ఏమి తేలుతుంది? దున్నపోతును బలి ఇవ్వడం, దాని ముంగాలు నోటిలో పెట్టడం, తలమీద దీపం వెలిగించడం, నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ పొలి చల్లడం వంటివాటిని వైట్‌హెడ్ వర్ణించాడు. ఆ వర్ణనలు చాలావరకు పెద్దలు చెప్పినదానితో సరిపోతాయి. కన్ను చూసినదానిని కలం వ్రాసింది. అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం త్రోవ మారుతుంది. బయటివానికి అది భయంతో పుట్టిన ఆరాధన. కీడు చేసే శక్తికి లంచం. మన ఇళ్లలో మసూచిని ఏమనేవారు? అమ్మవారు పోసిందనేవారు. ఇంటికి వచ్చినది అమ్మవారు కనుక గట్టిగా మాట్లాడరాదని, వేపాకు కట్టాలని, చల్లని నైవేద్యం పెట్టి సాగనంపాలని నియమాలు. అందులో భయం లేదని అనలేం. భయంతో పాటు తల్లి మీద బిడ్డకుండే చనువు కూడా ఉంది. ఆ చనువు బిషప్ కంటికి ఆనలేదు.

దీనినుండి ఒక కొలబద్ద దొరుకుతుంది. పరాయి సాక్షి చూసిన పనిని నమ్ము. అతడు ఆ పనికి చెప్పిన కారణాన్ని శంకించు. ఈ కొలబద్దతో టీట్మార్‌ను చదివితే కొయ్య గుడి, ధ్వజం మీది దేవత, ఈటెల మీద నడిచిన గుర్రం నిలుస్తాయి. ఆ గుర్రం ముందు నిలబడిన లుటిచు రైతు మనసులో ఏముండేదో మాత్రం ఆ వ్రాతవల్ల తెలియదు. అతనికీ ఆ దేవతతో ఒక చనువు ఉండి ఉండవచ్చు. అది లేదనడానికి టీట్మార్ చాలడు. ఉన్నదనడానికి మన సానుభూతి చాలదు.

మీమాంసకులలో కుమారిల భట్టు మార్గంవారు, అద్వైతులు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని కూడా అంగీకరించారు. కనబడకపోవడమే లేదనడానికి ప్రమాణమని దాని సారాంశం. అయితే ఉంటే తప్పక కనబడవలసిన చోట కనబడకపోతేనే ఆ మాట చెల్లుతుంది. పట్టపగలు బల్లమీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ అనలేం. స్లావు స్త్రీలు ఇంటి పొయ్యి దగ్గర ఏమి మొక్కుకునేవారో లాటిన్ చరిత్రలలో దాదాపు లేదు. ఆ పొయ్యి దగ్గరికి ఏ బిషప్ వెళ్లి చూశాడు కనుక? అది చీకటి గది. అక్కడ మన నోట రావలసిన మాట తెలియదు అన్నది ఒక్కటే.

మట్టి చెప్పినది, మాట దాచినది

వ్రాత లేనిచోట మట్టి కొంత చెబుతుంది. గ్రోస్ రాడెన్ అనే గ్రామం వద్ద 1973 నుండి 1980 వరకు జరిగిన తవ్వకాలలో స్లావుల గుడిగా భావించే ఒక కొయ్య కట్టడం బయటపడింది. దాని గోడ పలకల పైకొసలు మనిషి తల ఆకారంలో చెక్కి ఉన్నాయి. టీట్మార్ చెప్పిన గుడి ఇదే కాదు. కాని కొయ్యగుడికి వెలుపల చెక్కడాలు ఉంటాయన్న ఆయన మాట నమ్మదగినదేనని ఇది చూపింది. 1969లో నోయ్‌బ్రాండెన్‌బుర్గ్ దగ్గరి టోలెన్సె సరస్సులోని ఒక చిన్న దీవిలో మనిషంత ఎత్తు కొయ్యవిగ్రహం దొరికింది. దానికి ఒకే మొండెం మీద రెండు తలలు. అది నకిలీ కాదు. దానిమీద పేరు లేదు. చరిత్రలలో విగ్రహాలు లేని పేర్లు మిగిలాయి. ఇక్కడ పేరులేని విగ్రహం మిగిలింది. ఈ పేర్లలో ఒకటి తీసి ఈ విగ్రహానికి తగిలించాలని చేయి తహతహలాడుతుంది. ఆ చేతిని ఆపుకోవడమే ఇక్కడ మర్యాద.

మాట కూడా కొంత దాచి ఉంచుతుంది. మాగ్డెబర్గ్‌కు వాయవ్య దిశలో వెండ్‌లాండ్ అనే సీమ ఉంది. అక్కడి స్లావు భాష 18వ శతాబ్దం దాకా బ్రతికింది. హెన్నిగ్ అనే చర్చి గురువు 1700 ప్రాంతంలో ఆ భాష మాటలను సేకరించి నిఘంటువు కూర్చాడు. అందులో గురువారానికి పెరెన్‌దాన్ అన్న మాట ఉంది. పెరూన్ రోజు అని దాని అర్థం. జర్మన్లు గురువారాన్ని ఉరుముల దేవుని రోజు అంటారు. దానిని చూసి స్లావులు తమ ఉరుముల దేవుని పేరు పెట్టుకొని ఉంటారు. గుళ్లు కూలి అయిదు శతాబ్దాలు దాటినా, చర్చికి వెళ్లే రైతుల నోట వారం వారం ఆ దేవుని పేరు పలుకుతూనే ఉంది. పలికేవారికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

ఆ సీమలోనే జ్యూటెన్ అనే ఊరిలో పారుమ్ షుల్ట్సె అనే రైతు ఉండేవాడు. పండితుడు కాడు. 1725 ప్రాంతంలో తన ఊరి సంగతులు వ్రాస్తూ తమ భాష మాటలను కూడా ఎక్కించాడు. తానూ, ఊరిలో మరి ముగ్గురూ పోతే కుక్కను వెండు భాషలో ఏమంటారో సరిగా చెప్పేవారు ఉండరని అందులో వాపోయాడు. ఆయన దేవుళ్లను గురించి వ్రాయలేదు. కుక్కను గురించి వ్రాశాడు. అయినా ఈ వ్యాసంలో నేను చెప్పిన సాక్షులందరిలోను, తన జాతిని గురించి తానే సాక్ష్యం ఇచ్చినవాడు ఆయన ఒక్కడే. బిషప్పులు, చక్రవర్తులు, లేఖకుల నడుమ ఆ రైతుకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

మన వంతు

ఇప్పుడు మన సంగతి. మారిషస్‌కు వచ్చిన కూలీల వివరాలు పుస్తకాలలో ఎక్కించారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, ఊరు, జిల్లా, వచ్చిన ఓడ, పనిచేసిన తోట. అది తోటల యజమానులకు కావలసిన సమాచారం. మా ముత్తాతగారి ఎత్తు ఎంతో నాకు తెలుసు. ఆయన ఓడ ఎక్కేముందు ఏ అమ్మవారికి మొక్కుకున్నాడో తెలియదు. ఆ పుస్తకంలో అందుకు గడి లేదు.

కాని ఆ పుస్తకాన్ని మాత్రమే చదివి, వీరికి దేవతలు లేరని ఎవరైనా అంటే ఏమవుతుంది? నేటికీ మారిషస్ తెలుగువారు సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. ఇవి ఏ గడిలోనూ లేక, మనుషులలోనే బ్రతికాయి. ఓడ పుస్తకం చీకటి గది అని మనకు అనుభవం మీద తెలుసు. అందుచేతనే లుటిచుల విషయంలో తొందరపడి తీర్పు చెప్పే హక్కు మనకు అందరికంటె తక్కువ.

ఈ విచారంలో నాకు తేలినది ఇది. చనిపోయినవారి పట్ల మనకు రెండు ఋణాలు ఉన్నాయి. వారిని గురించి తెలిసినదానిని వదలకుండా చెప్పడం మొదటిది. తెలియనిదానిని కల్పించకుండా వదిలివేయడం రెండవది. మొదటి ఋణాన్ని తీర్చే ఉత్సాహంలో రెండవదానిని మరచిపోతుంటాము. తెలియదు అన్న మాటను పిల్లలముందు పలకడానికి సిగ్గుపడతాము. ఉపాధ్యాయునిగా గడిపిన ఏళ్లలో నాకు కనిపించినదేమంటే, తెలియదు అని చెప్పిన గురువును పిల్లలు తక్కువగా చూడరు. తెలిసినట్టు నటించినవానిని మాత్రం ఏనాటికైనా కనిపెడతారు.

మూడవ ఋణం పుట్టబోయేవారికి. మన పిల్లలకు మన దేవతలను గురించి చెప్పవలసినవాడు రేపటి టీట్మార్ కాకూడదు, మనమే కావాలి. ఇంటిలో పెద్దవారు ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. మన ఇంటి ఇలవేల్పు ఎవరు? ఏ ఊరి పొలిమేరలో ఉండేది? ఏ నెలలో, ఏ వారంనాడు మొక్కు చెల్లించేవారు? నైవేద్యం ఏమిటి? ఎవరు చేసేవారు, ఎవరిని దగ్గరికి రానిచ్చేవారు కారు? చెప్పినది చెప్పినట్టు వ్రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేయండి. ఆవిడ కళ్లారా చూసినదేదో, వాళ్లమ్మ చెప్పగా విన్నదేదో వేరుచేసి వ్రాయండి. జ్ఞాపకం లేదంటే ఆ మాట కూడా వ్రాయండి, మీరు పూరించకండి. మనకు సిగ్గు కలిగించే సంగతులు, నేడు మనం మానివేసిన బలులు ఉంటే అవి కూడా దాచవద్దు. మన సాక్ష్యాన్ని చదివేవాడు మనలను కూడా అవే రెండు ప్రశ్నలు అడుగుతాడు. చూశావా? చూసినట్టే చెప్పావా?

తెలుగు సరిగా రాదని సంకోచించకండి. తప్పులున్న తెలుగులో వ్రాసినా సరే, వచ్చిన భాషలో వ్రాసి అమ్మవారి పేరు మాత్రం తెలుగులో వ్రాసినా సరే. జ్యూటెన్ రైతు వ్రాసినది పండితుల వ్రాత కాదు. ఆయన పుణ్యమా అని ఆ భాష మాటలు కొన్ని ఈనాటికీ దక్కాయి.